శివుడి నెత్తికెక్కిందేంటి? తెలుగు గళ్ళనుడికట్టుకి తిరకాసు క్లూ రాయడం గురించి

"గందరగోళం వలన పుట్టిన పెద్ద కథ (3)"

ఇది చదవగానే ఎవరికైనా ఏదో ఊళ్ళో గొడవ, దాని మీద ఎవరో రాసిన పెద్ద కథ, ఇలాంటివే బుర్రలోకి వస్తాయి. భారతమా, భాగవతమా అని వెతుక్కుంటారు, తీరా గడులు చూస్తే మూడే. నిజానికి ఇక్కడ గొడవా లేదు పాడూ లేదు. 'వలన' అనే మాటని గందరగోళం చెయ్యమంటోంది క్లూ, అంతే. వ, ల, న అటూఇటూ మారిస్తే నవల. నవల అంటే పెద్ద కథే కదా. "నీ వలనే ఇదంతా" అని రోజుకి పదిసార్లు అనేసి, అదొక మాటని కూడా మనం లెక్కపెట్టని ముక్కలో జవాబు కూర్చుని ఉంది. దొరికాక ఒకటి తిట్టి ఒకటి నవ్వుతాం చూడండి, తిరకాసు క్లూ బతికేది ఆ నవ్వు మీదే.

మామూలు గళ్ళనుడికట్టులో, అంటే క్రాస్‌వర్డ్‌లో, "పెద్ద కథ (3)" అని ఉంటుంది, తెలిస్తే రాస్తాం లేకపోతే వదిలేస్తాం. తిరకాసు క్లూలో జవాబుకి రెండు దారులుంటాయి, ఒకటి అర్థం దారి, ఇంకోటి అక్షరాల దారి. రెండూ ఒకే గడిలోకి వచ్చి కలవాలి. పైకి మాత్రం రెండు దారులున్నట్టే తెలియకుండా ఒక మామూలు వాక్యంలా కనబడాలి. అర్థం ఎప్పుడూ క్లూ మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, మధ్యలో ఉండదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే పూరించేవాళ్ళకి సగం భయం పోతుంది. రాసేవాళ్ళకి మాత్రం అసలు తిప్పలు ఇక్కడే మొదలవుతాయి.

క్రాస్‌వర్డ్ మొదట అమెరికాలో పుట్టింది, 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పేపర్లో ఆర్థర్ విన్ వేశాడు. కానీ ఈ తిరకాసు అంతా ఇంగ్లీషోళ్ళ పని. లండన్‌లో అబ్జర్వర్ అనే ఆదివారం పేపర్‌కి 1926 నుంచి టార్కెమాడా అనే మారుపేరుతో ఒకాయన గళ్ళు కట్టేవాడు, ఆయన పోయాక 1939 నుంచి జిమెనెస్ వచ్చాడు, 1972 నుంచి అజెడ్. మొదటి రెండూ స్పెయిన్‌లో మతవిచారణ పేరుతో జనాన్ని చిత్రహింసలు పెట్టించిన పెద్దల పేర్లు, మూడోది అదే బాపతు డెజా అనే ఆయన పేరుని స్పెల్లింగ్ వెనక్కి తిప్పి పెట్టుకున్నది. పూరించేవాళ్ళని ఏం చెయ్యదలుచుకున్నారో పేర్లలోనే చెప్పేశారన్నమాట. జిమెనెస్ అసలు పేరు మక్‌నట్, బళ్ళో లాటిన్, గ్రీకు చెప్పే మాస్టారు. ఈయనా, తరవాత అజెడూ క్లూలు రాసే పోటీలు కూడా నడిపారు. గళ్ళు నింపడంతో సరిపెట్టేవారు కాదు, ఒక మాట ఇచ్చి దీనికి నువ్వు క్లూ రాసి పంపించు అనేవారు, వచ్చినవాటిలో మంచివి ఏరి ఏది ఎందుకు బావుందో ఏది ఎందుకు తన్నిందో వివరంగా రాసి అందరికీ పంపించేవారు. మాస్టారు పేపర్లు దిద్దినట్టే.

అలా దిద్దీ దిద్దీ తేలిన సూత్రం చాలా చిన్నది. క్లూలో మూడే ఉండాలి: సరైన అర్థం, న్యాయమైన అక్షరాల దారి, ఇక మూడోది 'ఇంకేమీ ఉండకూడదు' అన్నది. ఈ మూడోదే ప్రాణం తీస్తుంది. వాక్యం అందంగా రావాలని ఒక మాట ఎక్కువ పడేస్తాం, పూరించేవాడు ఆ మాట పట్టుకుని అరగంట తవ్వుతాడు, అక్కడ ఏమీ ఉండదు, ఇక వాడు మనల్ని జన్మలో నమ్మడు. అఫ్రిట్ అనే ఇంకో పెద్దాయన 1949లో చెప్పిన మాట కూడా ఇదే తోవలోది. నేను రాసింది నా మనసులో ఉన్నట్టు కనబడక్కర్లేదు కానీ, నా మనసులో ఉన్నది మాత్రం రాసి తీరాలి అని. అబద్ధం పైపైన చెప్పొచ్చు, లోపల చెప్పకూడదు.

మన దగ్గర కూడా ఇదేం కొత్త కాదు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కట్టాడు, ఆరుద్ర గళ్ళనుడికట్లు కట్టాడు, ఇప్పుడు ఈమాట వెబ్ పత్రికలో గడి-నుడి ఉంది. ఇంగ్లీషు పజిల్ హిందూ పేపర్లో రోజూ చేసి చేసి అలవాటైపోయి, ఆ తరవాత తెలుగులో రాద్దామని కూర్చునేవాళ్ళూ చాలామందే ఉన్నారు, నేనూ ఆ బాపతే. అలా కూర్చున్నవాళ్ళకి మొదటిరోజే తగిలే గోడ ఒకటుంది. ఇంగ్లీషు పనిముట్లు సగం ఇక్కడ పనిచెయ్యవు.

ఎందుకంటే మన గడిలో పడేది అక్షరం, ఇంగ్లీషు లెటర్ కాదు. 'స్త్రీ' మొత్తం ఒక్క గడి. 'సం' ఒక్క గడి. ఇంగ్లీషులో ఇరవయ్యారే ముక్కలు, పది లెటర్ల మాటని కలగాపులగం చేస్తే ఎక్కడో ఇంకో మాట తగులుతుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి ఎన్ని రకాల అక్షరాలో, నాలుగక్షరాల మాట తీసుకుంటే దాని అక్షరాలన్నీ సరిగ్గా అవే గుణింతాలతో ఉన్న రెండో మాట దొరకడం లాటరీనే. నవల/వలన లాంటి జత దొరికిన రోజు పండగ. ఇక పలకడం ఒకలా రాయడం ఒకలా ఉండే మాటలతో ఇంగ్లీషోళ్ళు ఆడే ఆట మనకి దాదాపు లేనట్టే, మనం పలికిందే రాస్తాం కాబట్టి.

వాక్యంలో మాట దాచడం మాత్రం మనకీ బానే కుదురుతుంది. "మన గదిలోనే దాచిన ఆభరణం (2)" చూడండి. ఇంట్లో బంగారం ఎక్కడ పెట్టారో మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకుంటున్నట్టుంటుంది. కానీ "మన గది" అన్న అక్షరాలు వరసగా చూడండి, మ, న, గ, ది. మధ్యలో నగ. 'లోనే దాచిన' అని నోరు విప్పి చెప్పేసింది కూడా, అయినా కనబడదు, ఎందుకంటే మన కళ్ళు గదిని చూస్తున్నాయి, అక్షరాలని కాదు.

తిప్పడం కూడా బానే వస్తుంది. "తలకిందులుగా వేలాడే తీగ (2)". తల కిందులైతే లత. ఇది నిలువు క్లూ అయితేనే న్యాయం, అడ్డం క్లూకి తలకిందులు అనకూడదు, అక్కడ వెనక్కి తిరిగింది, తిరగబడింది లాంటివే అనాలి. చిన్న విషయమే అనిపిస్తుంది గానీ ఒక తెలుగు క్లూల పోటీలో నా క్లూ ఒకటి సరిగ్గా దీనికే ఎగిరిపోయింది. పైనుంచి కిందకి లేని మాట ఎలా తలకిందులవుతుంది అని ఒక్క లైన్ రాసి పంపించారు. నిజమే మరి.

పోయినవాటి గురించి ఏడవడం ఎందుకు గానీ, ఇంగ్లీషుకి లేని ఆస్తి మనకి ఒకటుంది, దాన్ని ఎందుకో తక్కువ వాడుతున్నాం అని నా గోల. మన రాతలోని గుర్తులకి పేర్లున్నాయి, ఆ పేర్లకి వేరే అర్థాలున్నాయి. గుడి, కొమ్ము, సున్నా, దీర్ఘం, ఒత్తు, తలకట్టు. ఒక్కోటీ ఒక్కో ఉచ్చు. "పదిలో సున్నా పెడితే బురదలో దొర్లుతుంది (2)". అంకెల లెక్క అనుకుని పది, వంద అని పోతారు. ప తరవాత సున్నా పెట్టి ది రాయండి, పంది. "కాలం దీర్ఘం కాకున్నా రాసేది (2)". ఆయుష్షు తక్కువైనా రాస్తూ పోయిన ఏ కవి గురించో అనిపించే వాక్యం, తీరా చూస్తే 'కాలం'లో దీర్ఘం తీసేస్తే కలం. గడ చివర గుడి కడితే గడి. బళ్ళో గుణింతం వల్లెవేసిన ప్రతివాడికీ తెలిసిన పేర్లే ఇవి, అందుకే న్యాయం కూడా.

ఇవి కాక మన జాతీయాలున్నాయి, సగం వాటంతటవే క్లూ సామాను. చిందరవందర, కకావికలు, తడబడిన, కలగాపులగం అంటే అక్షరాలు కలిపేయమని. గుండె జారింది అంటే మధ్య అక్షరం పోయిందని. మొదటికే మోసం వచ్చింది అంటే మొదటి అక్షరం పోయిందని, ఇది నాకు మహా ఇష్టం, కానీ ఇష్టమైనవి ఎక్కడపడితే అక్కడ అతికిస్తే ఏమవుతుందో చెప్తా. "మొదటికే మోసమొచ్చిన పనస, సోది (2)" అని ఒకటి రాశా. పనసలో ప తీస్తే నస, నస అంటే సోది. తప్పేం లేదు. కానీ పైకి చదివితే ఏముంది అందులో? పనసకి మోసం రావడమేంటి, పక్కన సోదేంటి. దారి సరిగ్గానే ఉంది, ఇల్లే లేదు. ఇలాంటివి తప్పుల్లేకుండా రాసేవాళ్ళు బోలెడుమంది, పోటీల్లో నిలబడనివీ ఇవే.

ఇప్పుడు అసలు చిక్కు. తెలుగులో మాట విభక్తి తగలగానే ఒళ్ళు మార్చుకుంటుంది. ఇల్లు ఇంటికి అవుతుంది, ఊరు ఊరికి అవుతుంది, కన్ను కంటికి, గోరు గోటికి. సున్నాతో అయ్యే మాటలైతే మరీను, కలంతో, కలంలో అన్నప్పుడు బానే ఉంటుంది, కలానికి, కలాన్ని అనగానే 'లం' మాయం, 'లా' వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషులో మాట మాటలాగే ఉంటుంది, 'కి'లు 'ని'లు పక్కన విడిగా నిలబడతాయి, వాళ్ళకి ఈ బాధ తెలీదు.

దీనివల్ల ఏమవుతుందంటే, నగరంలో తొలి అక్షరం తీసి గరం అనే జవాబు రాబట్టాలనుకుని "నగరానికి తల తీస్తే వేడి" అని రాశాననుకోండి. క్లూలో కంటికి కనబడే అక్షరాలు న, గ, రా. తల తీస్తే మిగిలేది గరా. నేను మనసులో నగరం అనుకున్నా అంటే కుదరదు, రాయలేదు కదా. "ఊరి చివర" అని రాస్తే వచ్చేది 'రి', 'రు' కాదు. రు కావాలంటే వేరే వాక్యం వెతుక్కోవాల్సిందే. విభక్తి తీసేసి చూసుకోవాలి, అది పూరించేవాళ్ళ పని అని వాదించేవాళ్ళూ ఉన్నారు, నేను ఒప్పుకోను. నా మటుకు నేను పెట్టుకున్న లెక్క ఇది. క్లూలో మాటలు రెండు రకాలు, అర్థం అరువిచ్చేవి, అక్షరాలు అరువిచ్చేవి. అర్థం ఇచ్చే మాటకి ఎన్ని విభక్తులైనా తగిలించుకో, అర్థం చెడదు. అక్షరాలు ఇచ్చే మాట మాత్రం గడిలోకి ఎలా వెళ్ళాలో క్లూలో అలాగే నిలబడాలి. ఉదాహరణకి "స్వప్నానికి పెన్ను తోడైతే అలజడే (4)". స్వప్నం అర్థమే కల, దాని అక్షరాలతో మనకి పని లేదు, కాబట్టి స్వప్నానికి అన్నా పరవాలేదు. కల, దాని పక్కన కలం, మొత్తం కలకలం. అదే కల అన్న మాటనే క్లూలో పెట్టి దాన్ని తిప్పమనో కలపమనో అడిగితే అప్పుడు జాగ్రత్త.

ఈ లెక్కలోనే మొదటి క్లూ మీద కూడా ఒక పేచీ ఉంది. "గందరగోళం వలన" అంటే గందరగోళమైన వలన అని ఎలా తీసుకుంటాం, గందరగోళం నామవాచకం కదా, విశేషణం కాదు కదా అని. జిమెనెస్ మాస్టారి శిష్యులైతే ఇంగ్లీషులో దీన్ని ఒప్పుకోరు. కానీ తెలుగులో కంగారు మనిషి, పిచ్చి పని, గందరగోళం మనిషి అని నామవాచకాన్ని అలాగే తెచ్చి ముందు పెట్టేస్తాం, ఎవరూ తప్పనరు. మన భాష ఒప్పుకున్నదానికి వాళ్ళ రూలు పట్టుకుని మనల్ని మనం కట్టేసుకోవడం దండగ.

ఇక ఒక క్లూ మొదట్నుంచి చివరదాకా ఎలా తయారైందో చెప్తా. పోటీలో ఇచ్చిన మాట నెలవంక. నాలుగు గడులు, నె, ల, వం, క. వెనక్కి తిప్పి చూశా, ఏమీ లేదు. కలగాపులగం చేసి చూశా, ఏమీ రాలేదు. విడగొడితే మాత్రం నెల, వంక అని తేలిగ్గా వచ్చేసింది. ఇలా తేలిగ్గా విడిపోయే మాటలతో ప్రమాదం ఏంటంటే అసలు మాట పుట్టుకే అది. నెల అంటే చంద్రుడు, వంక అంటే వంపు. ఆ అర్థాలే క్లూలో వాడితే తిరకాసు ఎక్కడుంది, అది వ్యుత్పత్తి చెప్పడం అవుతుంది. కాబట్టి రెండు ముక్కలకీ వేరే అర్థాలు కావాలి. నెలకి మాసం ఉంది. వంకకైతే పంట పండింది, సాకు, తప్పు, వైపు, వాగు. సీమలో వాగులూ వంకలూ అంటారు కదా ఆ వంక.

మొదట రాసింది: "మాసం, వాగు కలిస్తే చంద్రుడు". దారి కరెక్ట్, వాక్యం శవం. తరవాత వైపు మీద పడి "ముప్పై రోజులు నా వైపే చూసిన చంద్రుడు" అన్నా. ప్రేమలేఖలా బానే ఉంది గానీ 'నా' ఎందుకు, 'చూసిన' ఎందుకు, అక్షరాల దారిలో వాటికి ఉద్యోగం లేదు. పైగా నెలంటే కచ్చితంగా ముప్పై రోజులా అని ఎవడో ఒకడు ఫిబ్రవరి తెస్తాడు. పక్కన పడేశా. సాకు దగ్గర ఆగాక కొంచెం వెలుగొచ్చింది. "మాసానికో సాకుతో తొంగిచూసే చంద్రుడు (4)". మాసానికి ఒక సాకు, అంటే నెలకి వంక తగిలించు. వాక్యం కూడా బావుంది, మా ఆవిడ బావుందంది. కానీ చంద్రుడు అన్న మాట చివర్లో కూర్చుని పళ్ళికిలిస్తోంది. నాలుగక్షరాల చంద్రుడు అనగానే సగం మంది ఏమీ ఆలోచించకుండానే నెలవంక అని రాసేస్తారు, ఇంత కష్టపడి సాకు తెచ్చింది ఎందుకు మరి.

అప్పుడు చంద్రుడి పేరెత్తకుండా నెలవంక ఎక్కడుంటుందా అని ఆలోచిస్తే శివుడు గుర్తొచ్చాడు. శివుడి తల మీద ఉంటుంది. తల మీద ఉండేది అని రాయబోయి, తల మీద ఎందుకు, మనకి నెత్తికెక్కడం అనే ముక్క ఉందిగా అనిపించింది. పిల్లని గారాబం చేస్తే నెత్తికెక్కింది అంటామే, అది.

"మాసానికో సాకుతో శివుడి నెత్తికెక్కింది (4)"

ఇందులో నాకు బాగా నచ్చింది 'ఎక్కింది'. తెలుగులో ఎక్కింది అంటే ఎక్కేసింది అనే క్రియా అవుతుంది, ఎక్కినటువంటిది అనే నామవాచకమూ అవుతుంది. పైపైన చదివేవాడు క్రియగా చదువుతాడు, ఎవరో ఎక్కింది అని కథ అల్లుకుంటాడు. లోపల అది అర్థం చెప్పే నామవాచకం, ఎక్కినది ఏది అంటే నెలవంక. వచ్చింది, పాడింది, తాగింది, ఇలాంటివి ఎన్నున్నాయో చూడండి, రెండు వైపులా పదునున్న కత్తులు, మన వ్యాకరణం ఉచితంగా ఇచ్చింది.

పంపించే ముందు మా బాబాయికి ఫోన్లో చదివి వినిపించా. ఆయన రిటైరయ్యాక పొద్దున్నే గళ్ళు నింపకపోతే కాఫీ దిగదు.

"భాగీరథి" అన్నాడు టక్కున. "నాలుగక్షరాలు సరిపోయాయిగా. శివుడి నెత్తికెక్కింది గంగే కదరా."

నేను ఒక్క క్షణం గతుక్కుమన్నా. భా, గీ, ర, థి, నాలుగే. నేనసలు ఇది చూసుకోలేదు, గంగ అంటే రెండక్షరాలు కాబట్టి ఆ దారి మూసుకుపోయిందనుకున్నా. "మరి మాసానికో సాకు ఎక్కడుంది బాబాయ్ అందులో?" అన్నా.

కాసేపు అటునుంచి ఏం వినబడలేదు. కాఫీ జుర్రుతున్న చప్పుడు. తరవాత "మాసం, నెల... సాకు... వంక. ఓరి నీ!" అన్నాడు. తిట్టు పూర్తి చెయ్యలేదు, పిన్ని పక్కనే ఉందనుకుంటా.

అక్షరాల దారి ఎందుకు అవసరమో నాకు బాగా అర్థమైంది ఆ రోజే. అర్థం దారిలో భాగీరథికీ నెలవంకకీ ఇద్దరికీ సీటుంది, శివుడి నెత్తి మీద నిజంగానే ఇద్దరికీ ఉంది. తేల్చేది అక్షరాలే. జవాబు తట్టగానే ఇది కరెక్టో కాదో కూర్చున్నచోటే పూరించేవాడికి తెలిసిపోవాలి, మర్నాటి పేపర్ దాకా ఆగక్కర్లేకుండా. అలా తెలియకపోతే అది పొడుపుకథ, తిరకాసు క్లూ కాదు. గంగ వైపు ఈడ్చుకెళ్ళడం నేను కావాలని చేసిందని బాబాయి ఇప్పటికీ అనుకుంటున్నాడు, నేనూ కాదనలేదు.

ఆ క్లూ కి బహుమతి రాలేదు, మెచ్చుకున్నవాటి లిస్టులో కింద ఎక్కడో వచ్చింది. మాసానికో అన్నదాంట్లో 'ఓ' ఎందుకు అని అడిగారు, ఒక సాకు అనే అర్థంలో అది సాకుతో పోతుంది కదా అని నా వాదన. గెలిచిన క్లూ నాదానికంటే బావుంది, నిజం ఒప్పుకోవాలి.

ఆ తరవాత వారం బాబాయే ఫోన్ చేశాడు. "నేనూ ఒకటి కట్టారా, రాసుకో" అని. ఆయన ఒకప్పుడు బియ్యం మిల్లు చూసుకునేవాడు.

"మర తిప్పితే ఇంటికొచ్చే లక్ష్మి (2)"

మర వెనక్కి తిప్పితే రమ, రమ అంటే లక్ష్మి. మొదటి క్లూకే ఇంత బాగా రావడం చూసి కొంచెం కుళ్ళుకున్నా కూడా. అయినా ఊరుకోలేక, "బాబాయ్, అంతా బావుంది గానీ 'ఇంటికి' అన్న మాట ఎందుకు? దానికి పనేం లేదు. మర తిప్పితే వచ్చే లక్ష్మి అంటే చాలు" అన్నా.

"పనేం లేకపోవడమేంట్రా. లక్ష్మి ఇంటికి రాకపోతే ఇంక మర తిప్పడం దేనికి?"